అతనికి బైపోలార్ అని తెలిసే ప్రేమించాను. ఇప్పుడు ఇంట్లో ఏం చెప్పాలి?

చెరువుగట్టు | సోమవారం, రాత్రి 11:40

పెద్ద పోస్టే. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

నాకు 28. మాది గుంటూరు దగ్గర పల్లె, ఉద్యోగం హైదరాబాద్‌లో. అతనికి 31, వరంగల్ అబ్బాయి. రెండున్నరేళ్లుగా ప్రేమలో ఉన్నాం. అతనికి బైపోలార్, టైప్ 1. అంటే కొన్నాళ్లు హద్దులేని హుషారు, కొన్నాళ్లు మంచం దిగలేనంత దిగులు. నా దగ్గర దాచలేదు. పరిచయమైన నాలుగో నెలలో కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో నడుస్తుంటే జేబులోంచి మాత్రల షీటు తీసి చూపించాడు. "ఇది లిథియం, మూడ్ అదుపులో ఉంచే మందు. 23 ఏళ్లప్పుడు మొదటిసారి ఆసుపత్రిలో పడ్డాను, అప్పటి నుంచి వాడుతున్నా. ఇంటికెళ్లి చదువుకో. రేపటి నుంచి ఫోన్ ఎత్తకపోయినా ఏమీ అనుకోను" అన్నాడు. చదివాను, సగం అర్థం కాలేదు. అప్పట్లో అతను నాకంటే నిమ్మళంగా ఉండేవాడు కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు కూడా.

నిరుడు ఏప్రిల్‌లో టీ కప్పు పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయని, ఆఫీసులో అందరూ చూస్తున్నారని మాత్రలు మానేశాడు. నాకు చెప్పలేదు. మే మూడో వారానికి రాత్రికి రెండు గంటలే నిద్ర. ఎంత హుషారుగా ఉన్నాడో అని మురిసిపోయాను, అదీ నా తెలివి. తర్వాత యాప్‌లో 4 లక్షలు అప్పు తీసుకుని శామీర్‌పేట దగ్గర పుట్టగొడుగుల ఫారం పెడతానని ఎవరికో అడ్వాన్సు ఇచ్చేశాడు. తెల్లవారుజామున 3 గంటలకు టీమంతటికీ రాజీనామా మెయిల్ కొట్టాడు. వద్దన్నందుకు నన్ను అన్న మాటలు ఇక్కడ రాయలేను. వాళ్ల అన్నయ్య వచ్చి ఆసుపత్రిలో చేర్పిస్తే 19 రోజులు ఉన్నాడు. నేను వెళితే "మీరేమవుతారు?" అని అడిగారు. ఫ్రెండ్ అన్నాను. కారిడార్‌లోనే కూర్చోబెట్టారు.

బయటికొచ్చాక నాలుగు నెలలు మంచం దిగలేదు. ఇప్పుడు ఏడు నెలలుగా బాగున్నాడు. మాత్రలు వేసుకుంటున్నాడు, కొత్త ఉద్యోగం, అప్పు కడుతున్నాడు.

నాన్న సంబంధాలు చూస్తున్నారు, శ్రావణంలోగా ఏదో ఒకటి తేల్చమంటున్నారు. కులం వేరన్న గొడవ ఎలాగూ ఉంటుంది, అది పడగలను. జబ్బు సంగతి చెప్పాలా? ఇంకోటి కూడా అడగాలి. ఇప్పుడు అతను కాస్త గట్టిగా నవ్వినా నాకు టెన్షన్. వాట్సాప్‌లో లాస్ట్ సీన్ రాత్రి 2 అని కనిపిస్తే నాకు నిద్ర పట్టదు. ప్రేమిస్తున్నానో కాపలా కాస్తున్నానో తెలియడం లేదు.

ముక్కుసూటి | మంగళవారం, ఉదయం 7:15

తిట్టుకున్నా పర్లేదు, చెప్తా. వదిలెయ్యండి. రేపు పిల్లలు పుట్టి, ఇంటి ఈఎంఐ నడుస్తున్నప్పుడు ఇంకో పుట్టగొడుగుల ఫారం పెడితే? ఇంకా తాళి పడలేదు, అదృష్టం అనుకోండి. వదలలేనంటారా, అయితే జబ్బు మాట ఇంట్లో ఎత్తకండి. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు. చెప్తే పెళ్లి జరగదు, అంతే సంగతి.

చిన్నచెల్లి | మంగళవారం, ఉదయం 9:02

ఆ సామెత చెప్పినాయనకు ఆడపిల్లలు లేరేమో.

మా అక్క పెళ్లి 2016లో జరిగింది. బావకి స్కిజోఫ్రీనియా, లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం ఉండే జబ్బు. పెళ్లిచూపుల్లో "మావాడు కాస్త తక్కువ మాట్లాడతాడు" అన్నారు. మాత్రలు విటమిన్ సీసాలో ఉండేవి. అత్తగారు రోజూ రాత్రి పాలలో కలిపి ఇచ్చేది. తను ఏం తాగుతున్నాడో బావకే తెలియదు. పెళ్లయిన ఆర్నెల్లకు ఆవిడ కాశీయాత్రకు వెళ్లింది. తిరిగొచ్చాక కూడా కొన్నాళ్లు చిన్నకొడుకు ఇంట్లోనే ఉండిపోయింది. పాలు అక్క ఇస్తోంది, మాత్రలు లేవు. నెల తిరిగేసరికి అక్క వంటింట్లో ఎవరితోనో కలిసి కుట్ర చేస్తోందని, గోడలోంచి మాటలు వినిపిస్తున్నాయని మొదలుపెట్టాడు. అక్కకి ఏమీ అర్థం కాక దిష్టి తీయించింది, తాయెత్తు కట్టించింది. చివరికి ఆడపడుచు ఏడుస్తూ ఫోన్‌లో అసలు విషయం చెప్పింది.

అక్క ఇప్పటికీ బావతోనే ఉంది. ఆయన తన మాత్రలు తనే వేసుకుంటారు, కిరాణా కొట్టు చూసుకుంటారు. కానీ అత్తగారితో అక్క మాట్లాడదు. జబ్బు మీద కోపం లేదు దానికి. ఆ విటమిన్ సీసా మీదే కోపం.

ఎడమచేయి | మంగళవారం, మధ్యాహ్నం 1:30

నేను అటువైపు మనిషిని. బైపోలార్ నాకే, 2011 నుంచి. ఉండేది విశాఖ. పెళ్లయి ఆరేళ్లు, ఒక పాప.

ముక్కుసూటి గారూ, మీ భయం తప్పనను. కానీ ఒక లెక్క చూడండి. 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు చేసిన జాతీయ సర్వేలో బైపోలార్ ఉన్నవాళ్లలో 70 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. అంటే మాత్రల షీటు జేబులోంచి తీసి చూపించినవాణ్ణి చూసి భయపడుతున్నాం. చికిత్స మొహం చూడనివాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్లిచూపులకు వస్తున్నాడు.

చెరువుగట్టు గారూ, మీరు రాసినదాంట్లో నన్ను ఆపేసింది పుట్టగొడుగులు కాదు, "నాకు చెప్పలేదు" అన్న మాట. వణుకు లిథియంతో చాలామందికి వస్తుంది. నాకూ వచ్చింది. డాక్టరుకు చెప్తే డోసు సర్దారు, వణుకుకు వేరే చిన్న మాత్ర ఇచ్చారు. దానికోసం మొత్తం మానేయక్కర్లేదు. ఎందుకు మానేశాడో, ఎందుకు దాచాడో అతను ఇప్పుడు మీతో మాట్లాడగలుగుతున్నాడా? మాట మారుస్తున్నాడా? నేనైతే అది చూస్తాను.

ఇంకోటి, మీకు కాస్త చేదుగా ఉంటుంది. కాపలా అవతలివాళ్లకు కూడా నరకమే. పెళ్లయిన కొత్తలో మా ఆయనతో ఏ గొడవొచ్చినా చివరికి "మాత్ర వేసుకున్నావా?" దగ్గరికి వచ్చేది. కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయింది ఆయన, మాత్ర వేసుకోవాల్సింది నేను! ఒకరోజు గట్టిగా చెప్పాను, నాకు కోపమొస్తే అది కోపమే, జబ్బు కాదు అని. తర్వాత ఇద్దరం కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాం. వారానికి సరిపడా గళ్ల డబ్బా ఫ్రిజ్ మీద ఉంటుంది. గడి ఖాళీ అయిందో లేదో ఆయన చూసుకుంటాడు, నోటితో అడగడు. వరసగా రెండు రాత్రులు నాలుగు గంటలకంటే తక్కువ పడుకుంటే డాక్టరుకు ఫోన్ చేసే హక్కు ఆయనది, నేను అడ్డు చెప్పకూడదు. నా బాగున్నప్పటి సంతకం అది. బాగోలేనప్పుడు నా మాట వినొద్దని నేనే రాసిచ్చాను.

చెరువుగట్టు | మంగళవారం, రాత్రి 10:20

ఎడమచేయి గారూ, ఆఖరి వాక్యం నాలుగుసార్లు చదివాను. థాంక్స్. మీ పాప గురించి అడగొచ్చా? మా అమ్మకి తెలిస్తే మొదట అడిగేది అదే, "పిల్లలకు వస్తుందా" అని.

ఎడమచేయి | మంగళవారం, రాత్రి 11:05

అడగండి, అందరూ అడిగేదే. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు 10 శాతం అని మా డాక్టరు చెప్పారు. మామూలు జనంలో 1 శాతం చుట్టూ ఉంటుంది. ఎక్కువే, కానీ నూటికి తొంభై మందికి రాదనే కదా. మీ విషయంలో జబ్బు అబ్బాయిది కాబట్టి ఒక గండం తక్కువ. నాకు ముందు ఇదే జబ్బుకు వాడే వాల్‌ప్రోయేట్ అనే మందు ఇచ్చేవారు, అది కడుపులో బిడ్డకు మంచిది కాదు. అందుకని పిల్లలు కావాలనుకోక ముందే మార్చారు. కాన్పయ్యాక మొదటి వారాలు మాలాంటివాళ్లకు బాగా ప్రమాదమట. మా అత్తగారు మూడు నెలలు రాత్రిళ్లు పాపను తన గదిలో పడుకోబెట్టుకున్నారు, డబ్బా పాలు పట్టి. తల్లిపాలు ఇవ్వడం లేదని చుట్టాలు ఎన్నో అన్నారు. ఆవిడ "దానికి నిద్ర కావాలి" అని ఒకటే మాట. ఆవిడకు పెళ్లికి ముందే అంతా తెలుసు కాబట్టే కదా అలా నిలబడింది.

తిరుగుటపా | బుధవారం, ఉదయం 8:10

అందరూ మంచి కథలు చెప్తున్నారు, ఒక చెడ్డది కూడా ఉండనివ్వండి. బెంగళూరులో మూడేళ్లు ఒకతనితో ఉన్నాను. స్కిజోఫ్రీనియా. మంచివాడు, నిజంగా. కానీ తనకు జబ్బు లేదనేవాడు. ఒకసారి ఆసుపత్రి, ఆర్నెల్లు మాత్రలు, మళ్లీ బంద్. ఇలా మూడుసార్లు. చివరిసారి నేను పెట్టిన కాఫీలో ఏదో కలిపానని కప్పు నా మీదికి విసిరాడు. తర్వాత వాళ్లమ్మ నాతో అన్న మాట: "నువ్వు సరిగ్గా చూసుకుంటే ఇలా అయ్యేది కాదు."

ఆ రాత్రే బట్టలు సర్దుకున్నాను. రెండేళ్లు నన్ను నేను తిట్టుకున్నాను, జబ్బు మనిషిని వదిలేసిన పాపిష్టిదాన్నని. ఇప్పుడు తిట్టుకోవడం లేదు. అనుమానం జబ్బుదే కావచ్చు. బాగున్న నెలల్లో కూడా డాక్టరు దగ్గరికి రానని మొండికేసింది మాత్రం అతనే.

ఎడమచేయి | బుధవారం, ఉదయం 9:45

మీరు వెళ్లిపోవడం సరైనదే. వస్తువులు మీదికి వచ్చాక ఉండకూడదు, ఎవరైనా సరే. ఒక్కటే ఒప్పుకోలేను. "నాకు జబ్బు లేదు" అనుకోవడం కూడా చాలాసార్లు ఆ జబ్బులో భాగమే. పొగరు కాదు.

తిరుగుటపా | బుధవారం, ఉదయం 10:00

తెలుసు. తెలిసినా నా ఒంటి మీద పడింది వేడి కాఫీనే కదండీ.

పాత_రేడియో | బుధవారం, సాయంత్రం 6:25

తిరుగుటపా అమ్మా, నీ మాటకు నా దగ్గర జవాబు లేదు.

చెరువుగట్టు తల్లీ, నేను రాజమండ్రి వాణ్ణి, మా ఆవిడకు బైపోలార్, కాపురం 14 ఏళ్లు. మాది పెద్దలు చేసిన పెళ్లి. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు అన్నట్టు, పెళ్లి చేస్తే అదే తగ్గుతుందని వాళ్ల నాన్న నమ్మాడు. పెళ్లి రాత్రే మొదలైంది. ఎలాగో విను, నీకు పనికొస్తుంది.

మా ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు. అంతకుముందు రెండు రోజులు పెళ్లికూతుర్ని చేయడం, గోరింటాకు, చుట్టాలు. పిల్లకు నిద్రన్నదే లేదు. మూడో రోజు సత్యనారాయణ వ్రతంలో గలగలా మాట్లాడటం మొదలుపెట్టింది. మా వాళ్లు "కలుపుగోలు పిల్ల" అని సంబరపడ్డారు. వారానికి ఒంటిమీది గాజులు, గొలుసు వీధిలో పిల్లలకు పంచేసింది. ఈ జబ్బుకు నిద్ర చెడటమే నిప్పురవ్వ అని తర్వాత డాక్టరు చెప్పాడు. మీ పెళ్లంటూ జరిగితే పంతులుగారిని పగటి ముహూర్తమే అడగండి. వధువు జాతకం, వరుడి జాతకం అని వంకలు పెడతారు, పట్టుబట్టండి. రాత్రి షిఫ్టు ఉద్యోగం కూడా అతను ఒప్పుకోకూడదు, జీతం ఎంతైనా సరే.

డబ్బు సంగతి. మా జీతాల ఖాతా ఒకటి, ఇంటి ఖర్చు ఖాతా ఒకటి. ఫోన్‌లో ఉన్నది రెండో దానికే. క్రెడిట్ కార్డు లేదు. 10,000 దాటితే ఒక రాత్రి ఆగి పొద్దున కొనడం. ఇది ఆవిడ పెట్టిన రూలే, నాకూ వర్తిస్తుంది, దానివల్ల నా బుల్లెట్ బండి ఆగిపోయింది అనుకో.

వదిలేద్దామని నాకు రెండుసార్లు అనిపించింది. అనిపించలేదని చెప్తే అబద్ధం. జబ్బు ఎక్కువైనప్పుడు కాదు. అది తగ్గి, డిప్రెషన్‌లో ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉన్న నెలల్లో. పలకరిస్తే పలకదు. ఆ రోజుల్లో సాయంత్రం గంటసేపు గోదావరి గట్టు మీద కూర్చుని వచ్చేవాణ్ణి. ఆ గంట నాది. నీకూ ఒకటి ఉంచుకో.

చెరువుగట్టు | బుధవారం, రాత్రి 11:15

బాబాయ్ గారూ, గోడవైపు తిరగడం అంటే నాకు తెలుసు. ఆ నాలుగు నెలల్లో అతను "నేను లేకపోతే నువ్వు సుఖపడతావు, వెళ్లిపో" అనేవాడు. బ్రేకప్ చెప్తున్నాడనుకుని ఏడ్చేదాన్ని.

పాత_రేడియో | బుధవారం, రాత్రి 11:30

ఆ మాటకు ఏడవడం కాదమ్మా, తిరిగి అడగాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని ఆ మాటే వాడి అడుగు. అడిగితే లేనిపోని ఆలోచన పుట్టదు, అది అపోహ. అవునంటే ఒంటరిగా వదలొద్దు, వాళ్ల అన్నయ్యకు చెప్పు, డాక్టరుకు ఫోన్ చెయ్యి. మందుల నిల్వ అతని చేతికి అందకుండా అన్నయ్య దగ్గర పెట్టించు, డబ్బాలో వారానికి సరిపడా చాలు. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే 14416, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ప్రభుత్వానిదే, ఖర్చు లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నేను నాకోసమే రెండుసార్లు చేశాను.

మందులషాపు | గురువారం, ఉదయం 10:40

ఈ ఎండల్లో ఒక ముఖ్యమైన విషయం ఎవరూ చెప్పలేదు. లిథియం వాడేవాళ్లు నీళ్లు తగ్గిస్తే, బాగా చెమటపట్టి ఒంట్లో నీరు, ఉప్పు పోతే రక్తంలో మందు పెరిగిపోతుంది. 44 డిగ్రీల్లో బండి మీద తిరగడం, ఉన్నట్టుండి ఉప్పు మానేయడం రెండూ వద్దు. ఒళ్లునొప్పులకు షాపులో అడిగి తీసుకునే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి డాక్టరును అడగకుండా వేయొద్దు, పారాసిటమాల్ పర్లేదు. వాంతులు, విరేచనాలు, నడిస్తే తూలడం, చేతులు మరీ ఊగిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి. రక్తపరీక్ష ఆఖరి డోసు వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి, ఆలోపు తర్వాతి మాత్ర వేసుకోకూడదు. రక్తంలో లిథియం లెవెల్ 0.6 నుంచి 1.0 మధ్య ఉంచుతారు. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా అప్పుడప్పుడూ ఉంటాయి. వణుకు ఎక్కువైనప్పుడు మానేయకుండా ఈ లెవెల్ చూపించుకోవాల్సింది ఆ అబ్బాయి.

ముక్కుసూటి | గురువారం, మధ్యాహ్నం 12:15

ఇవన్నీ చూస్తుంటే నాకే తల తిరుగుతోంది. ఇది పెళ్లా, నర్సింగ్ ఉద్యోగమా? మా నాన్నకు షుగర్, మా అమ్మ ఇరవై ఏళ్లుగా ఇన్సులిన్ గుచ్చుతోంది... సరే, ఆ మాట రాశాక నాకే అనిపించింది. ఉంచేస్తున్నా. కానీ దాచమన్న సలహా వెనక్కి తీసుకుంటున్నా, విటమిన్ సీసా కథ చదివాక.

నల్లకోటు | గురువారం, రాత్రి 9:30

వెనక్కి తీసుకోవడం మంచిదే, ఎందుకంటే దాచడం చట్టం దగ్గర కూడా కొట్టుకుంటుంది. 1955 హిందూ వివాహ చట్టంలో మానసిక జబ్బు ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోకూడదని లేదు. సమ్మతి ఇవ్వలేని స్థితి, లేదా పెళ్లికీ పిల్లల్ని కనడానికీ పనికిరానంత తీవ్రత ఉండటం లాంటివే అడ్డు. కానీ ముఖ్యమైన విషయం దాచి మోసంతో సమ్మతి తీసుకున్నారని తేలితే, తెలిసిన ఏడాదిలోగా పెళ్లి రద్దు చేయమని అడగొచ్చు. ఇక్కడ అమ్మాయికి అన్నీ తెలుసు కాబట్టి ఆ గొడవ లేదు. ఆమె తల్లిదండ్రులకు చెప్పడం చట్టం అడిగేది కాదు, ఇంటి సంగతి.

జబ్బు పేరు చూపిస్తే విడాకులు వచ్చేస్తాయనుకునేవాళ్లకు కూడా ఒకటి. 2013లో సుప్రీంకోర్టుకు మన ఆంధ్రా దంపతుల కేసే వెళ్లింది. భార్యకు స్కిజోఫ్రీనియా అని భర్త విడాకులు అడిగాడు. ఆమె చికిత్స తీసుకుని డాక్టరుగా ఉద్యోగం చేసుకుంటోంది. కోర్టు ఇవ్వలేదు.

అసలు నేను రాయాలనుకున్నది కారిడార్ గురించి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండినవాళ్లెవరైనా నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌ని, అంటే చికిత్స విషయంలో తమ తరఫున నిలబడే మనిషిని, పెట్టుకోవచ్చు. రక్తసంబంధం అక్కర్లేదు, పెళ్లీ అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే చాలు, మీరు ఒప్పుకుంటున్నట్టు కూడా రాసివ్వాలి. అప్పుడు "మీరేమవుతారు" అంటే ఫ్రెండ్ అని చెప్పుకుని బయట కూర్చోనక్కర్లేదు. అది బాగున్న రోజుల్లోనే చేసుకోవాల్సిన పని. మిమ్మల్ని పెట్టుకోవాలా, అన్నయ్యను పెట్టుకోవాలా అన్నది అతని ఇష్టం, ఆ కాగితం మీరు అడిగి రాయించుకునేది కాదు.

డల్లాస్_పప్పుచారు | శుక్రవారం, ఉదయం 6:50

మాకు ఇక్కడ పార్ట్‌నర్‌ని కూడా కౌన్సెలింగ్‌కి రమ్మంటారు. అక్కడ డాక్టర్లు అయిదు నిమిషాల్లో చీటీ రాసి పంపించేస్తారని విన్నాను. కనీసం ఒక్కసారి ఇద్దరూ కలిసి వెళ్లండి.

చెరువుగట్టు | ఆదివారం, రాత్రి 10:50

అందరికీ కలిపి రాస్తున్నా, విడివిడిగా రాయలేకపోయినందుకు ఏమీ అనుకోవద్దు.

ఈ థ్రెడ్ మొత్తం అతనికి చూపించాను. శుక్రవారం రాత్రి చదివాడు, ఏమీ మాట్లాడలేదు. శనివారం డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుని "నువ్వూ రా" అన్నాడు. అయిదు నిమిషాలు కాదు, నలభై నిమిషాలు కూర్చున్నాం. మాత్రలు ఎందుకు మానేశాడో నా ముందే చెప్పాడు. వణుకు ఒకటే కాదట. నాతో పరిచయమయ్యాక తను మామూలు మనిషి అయిపోయాడేమో ఒకసారి చూసుకోవాలనిపించిందట. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏ డాక్టరు ముందయినా అదే పని చేసేదాన్నేమో.

కాగితం అతనే తీశాడు. నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అన్నయ్యే, నేను కాదు. కాస్త చిన్నబుచ్చుకున్నాను, నిజం చెప్పాలంటే. "నువ్వు ఎప్పుడైనా వెళ్లిపోవాలంటే ఈ కాగితం అడ్డు రాకూడదు" అన్నాడు. సమాధానం చెప్పలేకపోయాను. గుర్తులు మాత్రం మూడు రాసుకున్నాం: నిద్ర, ఖర్చు, ఒకేసారి మూడు కొత్త ప్లాన్లు. ఆ మూడోది అన్నయ్య చెప్పాడు, ముగ్గురం నవ్వుకున్నాం. లాస్ట్ సీన్ తీసేయమన్నాను, తీసేశాడు.

అమ్మకి ఇవాళ పొద్దున ఫోన్‌లో చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. లైను కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత వాళ్ల చిన్న మేనమామ గురించి చెప్పింది, నేనెప్పుడూ వినలేదు ఆ పేరు. ఆయనకు గాలి సోకిందని పశువుల కొట్టంలో ఉంచేవారట. అమ్మ చిన్నప్పుడు అన్నం గిన్నె తీసుకెళ్లి గడప దగ్గర పెట్టి పరుగెత్తుకొచ్చేదట. "ఆయనకీ ఈ మాత్రలు ఉండేవా?" అని అడిగింది. అప్పటికి వచ్చే ఉంటాయి, ఊరిదాకా రాలేదేమో అన్నాను. "మీ నాన్నకు నేను చెప్పను, నువ్వే చెప్పాలి" అంది. ఒప్పుకున్నట్టా కాదా తెలియదు. పిల్లల సంగతి ఇంకా అడగలేదు.

పాత_రేడియో | ఆదివారం, రాత్రి 11:10

నాన్నకు ఎప్పుడు?

చెరువుగట్టు | ఆదివారం, రాత్రి 11:25

వచ్చే ఆదివారం ఇద్దరం ఊరెళ్తున్నాం. డిశ్చార్జి సమ్మరీ, రక్తపరీక్షలు, అప్పు కట్టిన రసీదులు అన్నీ ఫైలు చేసి తెస్తానంటున్నాడు. ఫైలు కార్లోనే ఉంచు, ముందు భోజనం చెయ్యి అన్నాను. మా నాన్న అన్నం తింటున్నప్పుడు ఎవరినీ ఏమీ అనరు.